ఫుట్‌బాల్ గురువు రహీం సాబ్



ఈసారి మన గోడపత్రికలో మహనీయుల జీవితం రాసే వంతు నాకు వచ్చింది. మనది నేలకొండపల్లి కాబట్టి ఎవరికి వంతు వచ్చినా భక్త రామదాసు గురించే రాస్తారు. కంచర్ల గోపన్న ఈ ఊళ్ళోనే పుట్టాడని, భద్రాచలంలో గుడి కట్టించి గోల్కొండ జైల్లో పడ్డాడని మనల్ని నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తాం. అందుకే నేను ఆ గోల్కొండ వైపు నుంచే ఇంకో ఆయన్ని తీసుకొచ్చాను. ఈయన కూడా గురువే. గుడి మాత్రం కట్టలేదు, టీము కట్టారు.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవారు. 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పుడు నిజాం రాజ్యం. ఉస్మానియా యూనివర్సిటీలో చదివి, అక్కడి టీములో ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత బడిపంతులు అయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో, ఇంకా వేరే బడుల్లో పాఠాలు చెప్పారు. ఆ తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. అంటే మన పీఈటీ సార్ లాంటి చదువు. మన దగ్గర పీఈటీ పీరియడ్ అంటే లెక్కల సార్ తీసేసుకునే పీరియడ్ అని చిన్నచూపు ఉంది. కానీ మన దేశానికి ఫుట్‌బాల్‌లో వచ్చిన పెద్ద పేరంతా ఒక బడిపంతులు తెచ్చిందే.

1940ల నుంచి చనిపోయేదాకా ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు సెక్రటరీగా ఉన్నారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ టీముకు కోచ్. అప్పట్లో బొంబాయిలో రోవర్స్ కప్పు అని పెద్ద పోటీ జరిగేది. సిటీ పోలీస్ వాళ్ళు దాన్ని 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు గెలిచారు! 1950లోనే డ్యూరాండ్ కప్పులో కలకత్తా మోహన్ బగాన్ వాళ్ళను కూడా ఓడించారు. ఇంకో సంగతి, 1950లో ఈ కప్పులు వచ్చేసరికి మన ఖమ్మం జిల్లాయే లేదు. మనం వరంగల్ జిల్లా కింద ఉన్నాం. 1953లో జిల్లా అయింది, 1959లో భద్రాచలం వచ్చి కలిసింది. సోషల్ మేడమ్ దీన్ని పరీక్షలో అడుగుతారు, గుర్తు పెట్టుకోండి.

ఆయన ఆట నేర్పించే పద్ధతి నాకు బాగా నచ్చింది. కొంచెం వివరంగా చెప్తాను.

ఫుట్‌బాల్‌లో బంతి దొరికితే ఒక్కరే కాలితో నడిపించుకుంటూ పోవడాన్ని డ్రిబ్లింగ్ అంటారు. చూసేవాళ్ళకు ముచ్చటగా ఉంటుంది, చప్పట్లు కొడతారు. రహీం సాబ్ ఏంచేశారంటే, డ్రిబ్లింగ్ చేయకూడదు అనే రూలుతో పోటీలు పెట్టారు. బంతి రాగానే పక్కవాళ్ళకు ఇచ్చెయ్యాలి, నువ్వు ఖాళీ చోటికి ఉరకాలి. మళ్ళీ నీకు వస్తుంది, మళ్ళీ ఇచ్చెయ్యాలి. అలా ఆడితే బంతి ఉరికినంత జోరుగా మనిషి ఉరకలేడు కదా, అవతలివాళ్ళు అలిసిపోతారు. ఇంకోటి, కుడికాలి వాటం ఉన్నవాళ్ళు ఎడమకాలితోనే ఆడాలి అని కూడా పోటీలు పెట్టారు. మీరు ఒక పేజీ ఎడమచేత్తో రాసి చూడండి, ఎంత కష్టమో తెలుస్తది. కానీ నెల రోజులు రాస్తే వస్తది. అలా ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలకు రెండు కాళ్ళూ కుడికాళ్ళే అయ్యాయి.

మన గ్రౌండులో ఆడేటప్పుడు ఎవరికి బంతి దొరికితే వాళ్ళే గోల్ దాకా లాక్కుపోతారు. పేర్లు రాయను, వాళ్ళకే తెలుసు. రహీం సాబ్ ఉంటే వాళ్ళను నెల రోజులు డ్రిబ్లింగ్ లేని పోటీలో పెట్టేవారు.

ఇంక ఆయన శిష్యుల్లో ఒకరి గురించి చెప్పకుంటే ఈ కథ సగమే. ఆయన తులసీదాస్ బలరాం. 1936 అక్టోబరు 4న సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టారు. వాళ్ళది పేద కుటుంబం. బూట్లు కొనే స్థోమత లేదు. పోలీసులు వాడి పారేసిన పాత బూట్లు సంపాదించి చెప్పులు కుట్టే ఆయనతో ఫుట్‌బాల్ బూట్లుగా కుట్టించుకున్నారు. బలరాం ఆట చూసి రహీం సాబ్ హైదరాబాద్ టీము ప్రాక్టీసుకు రమ్మన్నారు. కానీ రోజూ సికింద్రాబాద్ నుంచి హైదరాబాద్ పోయిరావడానికి ఆ పిల్లవాడి దగ్గర డబ్బులు లేవు. సంగతి తెలిసి రహీం సాబ్ సైకిల్ అద్దెకు తానే డబ్బులు ఇచ్చారు. రమ్మనడం అందరూ చేస్తారు. ఎట్లా వస్తావని అడిగేవాళ్ళు తక్కువ. మా ఇంట్లో బడి గడప ఎక్కింది మొదట నేనే. కాబట్టి ఆ సైకిల్ అద్దె విలువ నాకు కొంచెం తెలుసు.

ఇప్పుడు రహీం సాబ్ దేశం టీముకు వస్తాను. 1950లో ఆయన ఇండియా టీము కోచ్ అయ్యారు. 1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఇండోనేషియాను 3-0, ఆఫ్ఘనిస్తాన్‌ను 3-0, ఫైనల్‌లో ఇరాన్‌ను 1-0 తో ఓడించి మనవాళ్ళు బంగారు పతకం తెచ్చారు. కెప్టెన్ శైలేన్ మన్నా. గెలుపు గోల్ కొట్టింది మేవాలాల్. దేశమంతా సంతోషం. ఇంక ఒలింపిక్స్‌లో కూడా మనదే అనుకున్నారు అందరూ.

మరుసటి ఏడాది, 1952లో, ఫిన్లాండ్ దేశంలో హెల్సింకి నగరంలో ఒలింపిక్స్. జూలై నెలే గానీ అక్కడ చలి. మన మొదటి ఆట యుగోస్లావియాతో. ఆ దేశం ఇప్పుడు లేదు, ముక్కలై చాలా దేశాలు అయింది. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా వట్టి కాళ్ళతో దిగారు.

ఫలితం 10-1. పది వాళ్ళవి, ఒకటి మనది. మన ఒక్క గోల్ అహ్మద్ ఖాన్ కొట్టారు. ఒకే ఆటతో పోటీ అయిపోయింది, ఇంటికి వచ్చేశారు.

ఈ వట్టి కాళ్ళ సంగతి గురించి నాకు ఒక అభిప్రాయం ఉంది. ఫుట్‌బాల్ చరిత్ర చెప్పే చాలామంది, బూట్లు కూడా లేకుండా పోయారు పాపం అని నవ్వినట్టు చెప్తారు. కానీ మనం ఇక్కడ ఎంతమందిమి వట్టి కాళ్ళతో పెరిగాం? ఇప్పపూలు ఏరడానికి తెల్లారకముందే పోతాం, కట్టెలకు పోతాం, వాగు దాటుతాం. కాలికి మట్టి తెలుసు, రాయి ఏదో ముల్లు ఏదో చూడకుండానే తెలుసు. బంతి కూడా వట్టి కాలికి బాగా తెలుస్తది. 1948లో లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు ఎక్కువమంది వట్టి కాళ్ళతోనే ఫ్రాన్స్ మీద ఆడారు. 1-2 తో ఓడారు, అది కూడా రెండు పెనాల్టీలు పోగొట్టుకుని. అవి పడి ఉంటే వట్టి కాళ్ళే గెలిచేవి. కాబట్టి వట్టి కాళ్ళు తప్పు కాదు, సిగ్గు కూడా కాదు. కానీ చలిలో తడి నేల మీద, ఇనుప మేకుల్లాంటి బుడిపెలున్న బూట్లేసుకుని ఎదురొచ్చే మనిషి ముందు వట్టి కాలు భయపడుతుంది. పరుగు జారుతుంది. మన నేల మీద సరిపోయింది వేరే నేల మీద సరిపోలేదు, అంతే. పైగా ఆ యుగోస్లావియా మామూలు టీము కాదు, ఆ ఒలింపిక్స్‌లో వెండి పతకం వాళ్ళదే.

ఓడిపోయి వచ్చాక దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. రహీం సాబ్ కోచ్ పని వదిలి పారిపోలేదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. బూట్లతో ఉరకడం, బలం పెంచడం, బంతి పాసులివ్వడం, ఎవరు ఏ చోట నిలబడాలో మార్చడం. యూరప్‌లో హంగరీ వాళ్ళు కొత్త రకంగా ఆడి అందర్నీ ఓడిస్తుంటే అది చూసి మన పిల్లలకు సరిపోయేలా మార్చి నేర్పారు. వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు నిలబడే 4-2-4 పద్ధతిని ఆయన చాలా ముందే మనవాళ్ళకు నేర్పారు. 1958లో బ్రెజిల్ ఆ పద్ధతితో ప్రపంచ కప్పు గెలిచాకే లోకమంతా దాన్ని పట్టించుకుంది.

1956లో ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ ఒలింపిక్స్. 10-1 ఓడిన దేశం కాబట్టి మన మీద ఎవరికీ ఆశ లేదు. హంగరీ తప్పుకోవడంతో మొదటి ఆట ఆడకుండానే ముందుకు పోయాం. తర్వాత ఆస్ట్రేలియాను వాళ్ళ దేశంలోనే, వాళ్ళ జనం ముందే 4-2 తో ఓడించాం. నెవిల్ డిసౌజా ఒక్కరే 3 గోల్స్ కొట్టారు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ దాకా పోయిన మొదటి ఆసియా దేశం మనదే. సెమీఫైనల్‌లో ఎవరొచ్చారో చెప్పండి? మళ్ళీ యుగోస్లావియా! ఈసారి మొదటి గోల్ మనదే, అదీ నెవిల్ డిసౌజాదే. కానీ తర్వాత వాళ్ళు 4 కొట్టారు. 1-4 తో ఓడాం. కంచు పతకం ఆటలో బల్గేరియా చేతిలో 0-3 తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. 10-1 నుంచి నాలుగేళ్ళలో అక్కడి దాకా! ఆ టీములో మన హైదరాబాద్ వాళ్ళు చాలామంది. అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, ఇరవై ఏళ్ళ బలరాం. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా హైదరాబాద్‌లో పుట్టినవాడే.

ఆ తర్వాత బలరాం కలకత్తా పోయారు. ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పిలిచింది. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో బాగా ఆడేవాళ్ళను కలకత్తా క్లబ్బులు తీసుకుపోయేవి. ఇప్పుడు ఆటగాళ్ళు స్పెయిన్ నుంచి ఇంగ్లండు, ఇంగ్లండు నుంచి ఇంకో దేశం పోయినట్టే అది కూడా. భాష వేరు, తిండి వేరు, గోల్ పడితే భుజాన ఎత్తుకుంటారు, పడకపోతే తిడతారు. 1961లో బలరాం ఆ క్లబ్బుకు కెప్టెన్ అయి కలకత్తా లీగ్ గెలిపించారు. రహీం సాబ్ మాత్రం హైదరాబాద్‌లోనే ఉండి ఇంకా కొత్త పిల్లల్ని తయారు చేస్తూ ఉన్నారు. ఒక బ్యాచ్ పోతే ఇంకో బ్యాచ్, బడిలో లాగానే.

1960 రోమ్ ఒలింపిక్స్ గురించి తొందరగా చెప్తాను. హంగరీ మీద 1-2 ఓడాం, గోల్ బలరాందే. ఫ్రాన్స్‌తో 1-1 సమానం, గోల్ కెప్టెన్ పి.కె. బెనర్జీది. పెరూ మీద 1-3 ఓడాం. ముందుకు పోలేదు. 1960 తర్వాత ఇప్పటిదాకా మన మగవాళ్ళ టీము ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేదు.

ఇప్పుడు అసలు ఘట్టం. 1962, ఇండోనేషియాలో జకార్తా నగరం, నాలుగో ఆసియా క్రీడలు. రహీం సాబ్‌కు అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్. ఆయన సిగరెట్లు విపరీతంగా తాగేవారు.

ఇక్కడ ఒక మాట రాయాలా వద్దా అని ఆలోచించాను. ఎండాకాలం సెలవుల్లో మనమంతా తునికాకు కోతకు పోతాం. 50 ఆకుల కట్ట కట్టి కల్లంలో ఇస్తే వచ్చే డబ్బులతోనే జూన్‌లో నోటుబుక్కులు, సబ్బులు, పెట్టె కొంటాం. ఆ ఆకుతో బీడీలు చుడతారు. నా ఈ పెన్ను కూడా ఆ డబ్బుదే. రహీం సాబ్ సిగరెట్ల గురించి చదువుతుంటే మా తాత దగ్గు గుర్తొచ్చింది. ఏం రాయాలో తెలియక ఇంతవరకే రాస్తున్నాను.

జకార్తాలో మొదటి ఆటే దక్షిణ కొరియా చేతిలో 0-2 తో ఓడాం. తర్వాత థాయిలాండ్‌ను 4-1, జపాన్‌ను 2-0 తో గెలిచాం. థాయిలాండ్ ఆటలో జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. ఆయన వెనక నిలబడి గోల్ కాపాడే డిఫెండర్. అలాంటివాడు ఇక ఆడలేడు అనుకుంటాం కదా. రహీం సాబ్ ఆయన్ని వెనక నుంచి తీసి ముందు వరుసలో పెట్టారు! కుట్లున్న తలతో ఆయన సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాం మీద గోల్ కూడా కొట్టారు. 3-2 తో గెలిచి ఫైనల్‌కు వచ్చాం. ఫైనల్‌లో ఎదురుగా మొదటి ఆటలో మనల్ని ఓడించిన దక్షిణ కొరియానే.

బయట పరిస్థితి బాగోలేదు. ఇజ్రాయెల్, తైవాన్ దేశాల ఆటగాళ్ళను ఇండోనేషియా రానివ్వలేదు. అది తప్పు అని మన దేశపు క్రీడా అధికారి సోంధి గారు మాట్లాడారు. దాంతో అక్కడి జనానికి మన మీద కోపం వచ్చింది. మన రాయబార కార్యాలయం మీద కూడా దాడి చేశారు. మన ఆటగాళ్ళు ఎక్కడ కనిపించినా అరుపులే. ఫైనల్ ముందు రాత్రి రహీం సాబ్ ఆటగాళ్ళను కూర్చోబెట్టి, రేపు నాకొక కానుక కావాలి, బంగారు పతకం కావాలి అని అడిగారంట. ఆయన ఒంట్లో ఏముందో ఆయనకు తెలుసు. ఆయన అడిగినట్టు మన ఇంట్లో పెద్దవాళ్ళు మనల్ని ఏమైనా అడిగితే మనం కాదంటామా?

1962 సెప్టెంబరు 4. సెనాయన్ స్టేడియంలో దాదాపు లక్షమంది జనం. మన జాతర గద్దెల దగ్గర జనం ఎట్లా ఉంటారో అట్లా అనుకోండి, కానీ ఆ జనమంతా మనకు వ్యతిరేకం. మన వైపు అరిచింది పాకిస్తాన్ హాకీ టీము వాళ్ళు మాత్రమే అని ఆ ఆటగాళ్ళు తర్వాత చెప్పుకునేవారు. పాకిస్తాన్ హాకీ వాళ్ళు అక్కడే మనల్ని హాకీ ఫైనల్‌లో ఓడించారు, అయినా ఫుట్‌బాల్‌కు వచ్చి మన కోసం అరిచారు. ఇది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది.

జ్వరం నుంచి లేచిన తంగరాజ్‌ను రహీం సాబ్ ఫైనల్‌లో గోల్ దగ్గర నిలబెట్టారు. హైదరాబాద్ పిల్లలు బలరాం, యూసుఫ్ ఖాన్ కూడా టీములో ఉన్నారు. కెప్టెన్ చునీ గోస్వామి. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోల్! 20వ నిమిషంలో గోల్! ఆ రెండోది ఎవరిదంటే తలకు దెబ్బతో ఉన్న జర్నైల్ సింగ్‌ది. తర్వాత గంటకు పైగా కొరియా వాళ్ళను ఆపారు. చివరి నిమిషాల్లో వాళ్ళు ఒక గోల్ కొట్టారు. నేను చదువుతుంటేనే గుండె దడదడలాడింది, అక్కడ బెంచీ మీద కూర్చున్న ఆయనకు ఎట్లా ఉండి ఉంటుందో. 2-1. బంగారు పతకం మనదే.

అంతే. అది రహీం సాబ్ చివరి పోటీ. 1963 జూన్ 11న హైదరాబాద్‌లో చనిపోయారు. ఆయనకు 53 ఏళ్ళు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో 1962 తర్వాత మన దేశానికి బంగారు పతకం రాలేదు, 1970లో బ్యాంకాక్‌లో కంచు మాత్రం వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత 2024లో ఆయన మీద మైదాన్ అని హిందీ సినిమా వచ్చింది. సినిమా వచ్చేదాకా హైదరాబాద్‌లోనే చాలామందికి ఆయన పేరు తెలవదంటే నాకు కోపం వచ్చింది. రామదాసుకు పాటలున్నాయి కాబట్టి మిగిలాడు. ఆటకు పాట ఉండదు. ఆడినంతసేపే ఉంటది.

ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఫుట్‌బాల్ మనిషే. 1960 రోమ్ టీములో ఉన్నారు, తర్వాత అంతర్జాతీయ రిఫరీ అయ్యారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చింది, 2021 ఆగస్టులో పోయారు.

మరి బలరాం సంగతి? రహీం సాబ్ పోయిన 1963లోనే ఆయనకు కూడా ఊపిరితిత్తుల పొర జబ్బు చేసింది. ఇరవై ఏడేళ్ళు కూడా సరిగ్గా నిండని వయసు. డాక్టర్లు ఆడొద్దన్నారు. 1962లో అర్జున అవార్డు, బంగారు పతకం, మరుసటి ఏడాదికి బూట్లు విప్పడం. గురువుకూ శిష్యుడికీ ఒకే ఏడాది, ఒకే ఊపిరితిత్తులు. కానీ శిష్యుడు బతికాడు. పెళ్ళి చేసుకోలేదు, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో ఉంటూ పిల్లలకు ఆట నేర్పాడు. 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశాడు, అప్పటికి 86 ఏళ్ళు.

— 9వ తరగతి విద్యార్థిని